"ఐ యామ్ హ్యావింగ్" తప్పయితే "హ్యావింగ్ లంచ్" ఎలా ఒప్పయింది?

రెండో_బెంచి:
ఇంటర్వ్యూ కోసం రాసుకున్న వాక్యాలివి. "ఐ యామ్ హ్యావింగ్ టూ సిస్టర్స్", "ఐ యామ్ హ్యావింగ్ త్రీ ఇయర్స్ ఎక్స్‌పీరియన్స్". రెండూ తప్పే, హ్యావ్‌కి ఐఎన్‌జీ రాదన్నారు. మరి "ఐ యామ్ హ్యావింగ్ లంచ్" అని అందరూ అంటారు కదండీ? ఇంకోటి, "డజ్ హి హ్యాజ్ ఎ బైక్" అనాలా, "డజ్ హి హ్యావ్" అనాలా? హి పక్కన హ్యాజే కదా రావాలి. గుర్తుండే చిట్కా ఏదైనా ఉంటే చెప్పండి.

గళ్ళనుడి:
హ్యావ్‌కి ఐఎన్‌జీ రాదన్నది సగమే నిజం. ఆ ఒక్క మాటలో రెండు క్రియలున్నాయి.

ఒకటి మన "ఉంది". నాకు ఇద్దరు అక్కలున్నారు, నా దగ్గర వంద రూపాయలున్నాయి, వాడికి జ్వరంగా ఉంది, గదికి రెండు కిటికీలున్నాయి. మనం "నాకు", "నా దగ్గర", "గదికి" అని విభక్తులతో నెట్టుకొచ్చే పనంతా ఇంగ్లీషులో హ్యావ్ చేస్తుంది. అది స్థితి, జరుగుతున్న పని కాదు. అందుకే ఐఎన్‌జీ అతకదు: "ఐ హ్యావ్ టూ సిస్టర్స్", "హి హ్యాజ్ ఎ ఫీవర్". మీ రెండో వాక్యం "ఐ హ్యావ్ త్రీ ఇయర్స్ ఆఫ్ ఎక్స్‌పీరియన్స్" అవుతుంది, ఆ "ఆఫ్" మరవకండి. "కలిగి ఉన్నాను" అని పుస్తకాల తెలుగులో అనుకుని ఇంగ్లీషులోకి మారిస్తేనే ఈ "యామ్ హ్యావింగ్" పుట్టుకొస్తుంది.

రెండోది పని. తినడం, తాగడం, స్నానం చేయడం, కబుర్లాడటం. "హ్యావింగ్ లంచ్", "హ్యావింగ్ కాఫీ", "హ్యావింగ్ ఎ బాత్", "హ్యావింగ్ ఎ చాట్", అన్నీ శుభ్రంగా ఒప్పే.

చిట్కా: ముందు తెలుగులో అనుకోండి. "ఉంది, ఉన్నారు" వస్తే ఐఎన్‌జీ వద్దు. "తింటున్నా, తాగుతున్నా, చేస్తున్నా" వస్తే పెట్టుకోవచ్చు.

ఇక డజ్ సంగతి. హి, షి పక్కన క్రియ చివర చేరే "ఎస్" అక్షరం వాక్యంలో ఒక్కసారే. డజ్ దాన్ని తీసేసుకుంది కాబట్టి హ్యాజ్ మళ్ళీ హ్యావ్ అయిపోతుంది: "డజ్ హి హ్యావ్ ఎ బైక్?" డిడ్ కూడా అంతే, భూతకాలం దాని దగ్గరే ఆగుతుంది. "డిడ్ యు హ్యావ్ లంచ్?" అనాలి, "డిడ్ యు హ్యాడ్" కాదు. కానీ "హ్యావ్ యు హ్యాడ్ లంచ్?" ఒప్పే. అందులో మొదటి హ్యావ్ సహాయక్రియ, హ్యాడ్ అంటే తినడం.

ఉప్పు_తక్కువ:
పై చిట్కా బాగుంది కానీ ఒకచోట బోల్తా కొడుతుంది. "రేపు మా ఇంట్లో పార్టీ ఉంది" అన్నప్పుడు తెలుగులో "ఉంది" అంటాం, ఇంగ్లీషులో మాత్రం "వి ఆర్ హ్యావింగ్ ఎ పార్టీ టుమారో" చక్కగా సరిపోతుంది. ఆ పార్టీ మనం చేసేది, మన దగ్గరుండే వస్తువు కాదు.

"షి ఈజ్ హ్యావింగ్ ఎ బేబీ" అంటే ఆమె గర్భవతి అనో, ఇప్పుడు ప్రసవమవుతోందనో అర్థం. ఆమెకు ఆర్నెల్ల పాప ఉందని చెప్పాలంటే "షి హ్యాజ్ ఎ బేబీ". ఇక్కడ ఐఎన్‌జీ పొరపాటున పడితే వినేవాళ్ళు కంగ్రాట్స్ చెప్పేస్తారు.

పానా_పట్టకారు:
హ్యావ్‌కి మూడో వాడుక ఉంది, మనకు బాగా పనికొచ్చేది అదే. మన "చేయించు".

"బండి రిపేరు చేయించాను" అనడానికి చాలామంది "ఐ రిపేర్డ్ మై బైక్" అంటారు. అంటే పానా పట్టుకుని మీరే విప్పారన్నమాట. మెకానిక్ చేస్తే "ఐ హ్యాడ్ మై బైక్ రిపేర్డ్". వరుస ఇది: హ్యావ్, తర్వాత వస్తువు, ఆఖర్న క్రియ మూడో రూపం. వరుస తారుమారై "ఐ హ్యాడ్ రిపేర్డ్ మై బైక్" అయితే అర్థమే మారుతుంది, అప్పటికే నేను రిపేరు చేసేశానని. జుట్టు కత్తిరించుకోవడమూ ఇంతే, "ఐ హ్యాడ్ మై హెయిర్ కట్". "ఐ కట్ మై హెయిర్" అంటే అద్దం ముందు కత్తెర మీదే.

ఎవరిచేత చేయించారో చెప్పాలంటే మనిషి ముందు, క్రియ మొదటి రూపంలో: "ఐ హ్యాడ్ ద మెకానిక్ చెక్ ద బ్రేక్స్". ఇక్కడ "టు" రాదు. గెట్ వాడితే వస్తుంది: "ఐ గాట్ ద మెకానిక్ టు చెక్ ద బ్రేక్స్". మాటల్లో గాట్ తేలిగ్గా ఉంటుంది, ఉత్తరాల్లో హ్యాడ్ మర్యాదగా ఉంటుంది.

ఒక తిరకాసు. "ఐ హ్యాడ్ మై ఫోన్ స్టోలెన్" కూడా ఇదే అచ్చు, కానీ ఎవరూ కావాలని ఫోన్ కొట్టేయించుకోరు. అక్కడ అది "నాకు జరిగింది" అని.

రెండో_బెంచి:
అయితే "ఐ యామ్ హ్యావింగ్ మై పాస్‌పోర్ట్ రెన్యూడ్" ఒప్పేనా? లేక ఇక్కడా ఐఎన్‌జీ తీసెయ్యాలా?

పానా_పట్టకారు:
ఒప్పే, తీయక్కర్లేదు. "రెన్యూ చేయిస్తున్నాను" అంటున్నారుగా, అది పనే. ఉత్తినే పాస్‌పోర్ట్ ఉందని చెప్పడానికైతే "ఐ హ్యావ్ ఎ పాస్‌పోర్ట్".