మూడు రాత్రులూ ఎస్టేటు బంగళా వరండాలోనే కూర్చుని వచ్చాం. అది ప్రయాణమేనా?

అరండల్‌పేట ఆరో లైను (చర్చ మొదలుపెట్టినవారు)

పెళ్లయి పాతికేళ్లు నిండిన సందర్భంగా కిందటి మార్చిలో నేనూ మావారూ కర్ణాటకలోని కొడగు (కూర్గ్) వెళ్లాం. గుంటూరులో రాత్రి రైలెక్కి బెంగళూరులో దిగి, అక్కడి నుంచి టాక్సీ. కొడగు జిల్లాలో రైలు పట్టాలే లేవు కాబట్టి రోడ్డు తప్పదు. మడికేరికి కాస్త ఇవతల ఒక పాత కాఫీ ఎస్టేటు బంగళాలో మూడు రాత్రులు బస చేశాం. ఎర్ర పెంకుల కప్పు, చుట్టూ వరండా, పేము కుర్చీలు. మేము చేరడానికి వారం ముందు అక్కడ మంచి వాన కురిసిందట. ఎండాకాలం తొలి వాన పడిన వారం పది రోజులకు కాఫీ తోట మొత్తం ఒక్కసారే పూస్తుంది. పొద్దున్నే తలుపు తీసేసరికి కొమ్మ కొమ్మకూ తెల్లని గుత్తులు, మల్లెల బుట్ట ముందు కూర్చున్నట్టు వాసన. ఆ పూత నాలుగు రోజులు నిలిస్తే గొప్ప. ఇక కదలబుద్ధి కాలేదు. కావేరి పుట్టే తలకావేరి వెళ్లలేదు. దుబారె ఏనుగుల శిబిరం చూడలేదు. దారిలోనే ఉన్న బైలకుప్పెలో టిబెటన్ల బంగారు బుద్ధుణ్ణి కూడా చూడలేదు. వరండాలో కూర్చున్నాం, తోటలో నడిచాం, అక్కిరొట్టె (బియ్యప్పిండి రొట్టె) తిన్నాం, మళ్లీ వచ్చి వరండాలో కూర్చున్నాం.

తిరిగి వచ్చాక మా బావగారు "ఏమేమి చూశారమ్మా?" అని అడిగారు. చెప్పాను. "వరండాలో కూర్చోవడానికి అంత దూరం ఎందుకు, మనింట్లో వరండా లేదా?" అన్నారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కానీ ఆ మాట ముల్లులా ఉండిపోయింది. మేము బసకు పెట్టిన డబ్బుతో మామూలు గదిలో దిగి కొడగు అంతా ఐదారు రోజులు తిరిగి రావచ్చు, కాదనను. అందుకే ఇక్కడ అడుగుతున్నాను. ఉండడం కోసమే వెళితే దాన్ని ప్రయాణం అనవచ్చా? లేక డబ్బు పెట్టి కొనుక్కున్న బద్ధకం అనాలా?

సత్యనారాయణపురం తాతయ్య

మీ బావగారి పక్షమే నాది. రైల్వేలో ముప్పై నాలుగేళ్లు పనిచేసి, పాసుల మీద దేశమంతా తిరిగినవాణ్ణి. కాశీలో ఆంధ్రాశ్రమం, శ్రీశైలంలో సత్రం, ఎక్కడా లేకపోతే స్టేషనులో విశ్రాంతి గది. తలుపుకు తాళం పడాలి, కొళాయిలో నీళ్లు రావాలి. అంతకు మించి గదిని ఏం చేసుకుంటాం? కళ్లు మూసుకున్నాక అన్ని గదులూ ఒకటే. 1830లో ఏనుగుల వీరాస్వామయ్య గారు చెన్నపట్నంలో బయలుదేరి కాశీ దాకా వెళ్లి, పదిహేను నెలలకు తిరిగి వచ్చారు. ఆ యాత్ర గురించి ఆయన రాసింది చదివితే ఊళ్లు, నదులు, మనుషులు కనిపిస్తారు. ఇప్పటివారు రాసింది చదివితే పరుపు, స్నానాల తొట్టి కనిపిస్తున్నాయి.

మిర్చియార్డు లెక్కలు

తాతయ్య గారూ, నమస్కారం. మీ సాక్షిని కాస్త ప్రశ్నించనివ్వండి. వీరాస్వామయ్య గారు మద్రాసు సుప్రీంకోర్టులో ప్రధాన దుబాసీ, అంటే పెద్ద అనువాదకుడు. వెంట డేరాలు, పెద్ద పరివారం, పల్లకీ మోసే బోయీలు ఉన్నారు. చాపా చెంబూ పట్టుకుని వెళ్లలేదు. పైగా ప్రతి మజిలీలోనూ దిగడానికి చోటు ఎలా ఉంది, నీటి వసతి ఏమిటి, అంగళ్లలో ఏం దొరుకుతుంది అని వరసగా రాసుకున్నారు. బసను పట్టించుకోని మనిషి రాసే రాతలు కావు అవి.

ఇక డబ్బు సంగతి. ఎస్టేటులో దిగాలనుకునేవారు ఒక గీత గుర్తుంచుకోండి. రోజుకు 7,500 రూపాయల వరకు గది అద్దె మీద జీఎస్టీ 5 శాతం. 2025 సెప్టెంబరు 22కు ముందు అది 12 శాతంగా ఉండేది. 7,500 దాటితే 18 శాతం. అంటే 7,500 గదికి చెల్లించేది 7,875. 7,600 గదికి 8,968. అద్దె వంద పెరిగితే జేబులోంచి 1,093 పోతుంది. బేరమాడేటప్పుడు ఆ వంద కోసం పట్టుబట్టండి. అరండల్‌పేట అక్కయ్య గారు మూడు రోజులూ టాక్సీ మాట్లాడుకోలేదు కాబట్టి ఆ మేరకు మిగిలింది కూడా. బావగారికి ఆ లెక్క చెప్పి చూడండి.

తాడేపల్లి నుంచి

నా అభ్యంతరం డబ్బు గురించి కాదు. వరండా నుంచి కనిపించని ఇళ్ల గురించి. కొండ మీద బంగళా ఉంటే, లోయలో ఎక్కడో కూలీల వరసలు ఉంటాయి. కేరళలో మున్నార్ వైపు వాటిని లయాలంటారు. ఒక్కో కుటుంబానికి ఇరుకైన ఒక గది, చిన్న వంటిల్లు. 2015 సెప్టెంబరులో అక్కడి తేయాకు తోటల ఆడవాళ్లు బోనస్‌ తగ్గించారని రోడ్డు మీద బైఠాయించారు. తమ పేరు మీద ఒప్పందాలు చేసుకునే సంఘాల నాయకులను కూడా దగ్గరికి రానివ్వలేదు. పెంబిళై ఒరుమై (ఆడవాళ్ల ఐక్యత) అన్న వాళ్ల పేరు అప్పుడే దేశమంతా విన్నది. ఐదేళ్లకు, 2020 ఆగస్టు 6 రాత్రి, అదే మున్నార్ దగ్గర పెట్టిముడిలో కొండ విరిగి ఆ లయాల మీద పడి 70 మంది పోయారు. తోటల కూలీలకు ఇళ్లు ఇవ్వాలని 1951 నుంచే చట్టం ఉంది. ఆ ఇల్లు ఎక్కడ కట్టాలో మాత్రం బంగళా కట్టినంత శ్రద్ధగా ఎవరూ చూడరు.

తోటను చూసి అందం అనగలిగేది అందులో నడుం వంచనివాళ్లమే. మన దగ్గర మిరపకోతల కాలంలో కర్నూలు వైపు నుంచి వచ్చే కూలీలు పొలం గట్టున గుడారాలు వేసుకుంటారు. గుంటూరు నుంచి ఎవరైనా అక్కడికి వెళ్లి పేము కుర్చీ వేసుకుని కూర్చుంటారా? ఎర్రగా పండిన మిరప చేను కాఫీ తోట కన్నా తక్కువ అందంగా ఉంటుందా?

అరండల్‌పేట ఆరో లైను

తాడేపల్లి వారికి. మీరు అడిగింది తిన్నగా తగిలింది. మొదట రాయని సంగతి ఒకటి చెబుతాను. మేము వెళ్లింది మిరియాల కోత జరుగుతున్న రోజుల్లో. సిల్వర్ ఓక్ చెట్లకు మిరియం తీగ పాకించి ఉంటుంది. ఒకటే వెదురు బొంగు నిచ్చెన, దానికి కణుపు కణుపునా ఒక పుల్ల, అంతే. దాని మీద నిలబడి ఒకతను గెలలు తుంచుతున్నాడు. మావారు ఫోటో తీశారు. అతను మొహం అటు తిప్పుకున్నాడు. మాకు తోట చూపించే అబ్బాయిని "కూలి ఎంత ఇస్తారు?" అని అడిగితే, "అదిగో, అక్కడ హార్న్‌బిల్ పక్షి" అన్నాడు. పక్షి నిజంగానే ఉంది. నేను దాన్నే చూశాను, మళ్లీ అడగలేదు. ఆ ఫోటో ఇంతవరకు ఎవరికీ పంపలేదు. అయినా ఆ మూడు రోజులు బాగున్నాయని చెప్పడానికి వెనకాడను. రెండూ నిజమే.

గది తాళాలు

పదకొండేళ్లుగా బెజవాడలో ఒక హోటల్లో అతిథులకు తాళాలిచ్చే బల్ల దగ్గర పనిచేస్తున్నాను. మా దగ్గర కృష్ణ కనిపించే గదులకు వెల ఎక్కువ. అవి తీసుకున్నవారిలో చాలామంది తెల్లవారుజామున అమ్మవారి దర్శనానికి వెళ్లి, వచ్చి పడుకుంటారు. కిటికీ తెర కూడా తీయరు. సంచులు సర్దుకున్నాక ఒక ఫోటో తీసుకుంటారు.

ఒకసారి ఒక పెద్దాయన అన్నిటికన్నా చవక గది అడిగారు. కిటికీ తీస్తే పక్క మేడ గోడ. రెండు రోజులూ పొద్దున్నే మేడెక్కి, నీళ్ల ట్యాంకు పక్కన చప్టా మీద కూర్చుని బ్యారేజీ వైపు చూస్తూ ఉండిపోయారు. అతిథులను పైకి పంపకూడదని మాకు నియమం. నేను కుర్చీ పంపాను.

ఇంకో మాట, చర్చకు సంబంధం లేకపోయినా పనికొస్తుంది. నది కనిపించే గది అంటే ఏ నది అని అడగండి. ప్రకాశం బ్యారేజీకి ఎగువన వేసవిలోనూ నీళ్లు నిలబెడతారు. దిగువన ఏప్రిల్, మే నెలల్లో మీరు చూసేది ఇసుక.

లబ్బీపేట

నది అనగానే గుర్తొచ్చింది. అంత దూరాలు ఎందుకు, మన భవానీ ద్వీపం 133 ఎకరాలు, చుట్టూ కృష్ణే. కాకపోతే 2024 సెప్టెంబరు మొదట్లో బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినప్పుడు ద్వీపం మునిగింది. అందమైన చోటు తరచూ నీటి దారిలోనో, కొండ విరిగే దారిలోనో ఉంటుంది.

నేను రాసేది మాత్రం వేరే. హైదరాబాదులో ఫలక్‌నుమా చూశాను. నవాబు వికారుల్ ఉమ్రా కట్టించిన ఆ మహల్, ఆరో నిజాం చేతికి వెళ్లి, చాలాకాలం మూతపడి ఉండి, 2010లో హోటలుగా తెరుచుకుంది. అక్కడ ఒక రాత్రి పడుకునే స్తోమత నాకు లేదు, సాయంత్రం టీకి వెళ్లాను. 101 మంది ఒకేసారి కూర్చునే భోజనపు బల్ల చూస్తే, అంతమందితో మాట్లాడాలంటే గొంతు చించుకోవాలేమో అనిపించింది. టీకి పెట్టిన డబ్బుకు ఇంటికి వచ్చేదాకా బాధపడ్డాను. కానీ పైకప్పు కారడం లేదు, నేల మెరుస్తోంది, బొమ్మలకు చెదలు పట్టలేదు. ఎవరో రాత్రికి అంత ఇస్తున్నారు కాబట్టే. నూజివీడు, చల్లపల్లి జమీందారుల కోటల్లో ఒక్క భాగమైనా అలా అతిథులకు సిద్ధం చేస్తే నేను నెలజీతంలో సగం ఇచ్చి వెళ్లి పడుకుంటాను. 1950కి ముందు కట్టిన కోటలు, మహళ్లు, హవేలీలను హోటళ్లుగా గుర్తించడానికి కేంద్ర పర్యాటక శాఖ దగ్గర ప్రత్యేక వర్గమే ఉంది. రాజస్థాన్ వాళ్లు వాడుకున్నంతగా మనం వాడుకోలేదు.

తాడేపల్లి నుంచి

లబ్బీపేట వారితో పోట్లాట పెట్టుకోను, పైకప్పు నిలవాలన్నది నిజం. అరండల్‌పేట అక్కయ్య గారికి మాత్రం ఒక సూచన. వెళ్లవద్దని నేను అనలేదు. ఈసారి అరకు, పాడేరు వైపు వెళ్లండి. అక్కడ కాఫీ పండించేది ఎక్కువగా గిరిజన కుటుంబాలే, తమ చిన్న చిన్న తోటల్లో, మిరియం తీగలతో కలిపి. 2019లో అరకు అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. నవంబరు నుంచి జనవరి మధ్య వెళితే పండ్లు కోసేవాళ్లు కనిపిస్తారు. తోట ఎవరిదని అడిగితే మాట పక్షి మీదకు మళ్లదు. పేము కుర్చీ ఉంటుందని హామీ ఇవ్వలేను.

సత్యనారాయణపురం తాతయ్య

నిన్న రాత్రి ఈ చర్చంతా మా ఇంటావిడకు చదివి వినిపించాను, నా జవాబు కాస్త గట్టిగా. ఆవిడ బత్తాయి వలుస్తూ విన్నది. అంతా అయ్యాక, "ఆ సత్రాల్లో పొద్దున్నే కిరసనాయిలు పొయ్యి వెలిగించింది ఎవరు?" అని అడిగింది. నేను ఏమీ అనలేదు. "మీరు గుడికి వెళ్లి, నదికి వెళ్లి, బజారు తిరిగి వచ్చేసరికి ఉప్మా, అన్నం, చారు సిద్ధం. బట్టలు ఉతికి తీగ మీద ఆరేసి ఉండేవి. రామేశ్వరంలో నాకు గుర్తున్నది ఆ సత్రం కొళాయే" అంది.

ముప్పై నాలుగేళ్ల పాసుల్లో ఈ లెక్క నేను వేసుకోలేదు. మిర్చియార్డు వారు వేసినా బాగుండేది.

తాడేపల్లి వారు అరకు అన్నారు కదా. డిసెంబరులో వెళదామనుకుంటున్నాం. గది 7,500 దాటకూడదు, మంచం మరీ ఎత్తుగా ఉండకూడదు (మోకాళ్లు), ముందు కూర్చోవడానికి వరండా ఉండాలి. గదిలో వంట వసతి అసలు ఉండకూడదన్నది ఆవిడ షరతు. తెలిసినవారు ఎవరైనా చెప్పండి.