గొంతు మీద నారింజ రంగు లేని ఫ్లైక్యాచర్: రెడ్ బ్రెస్టెడా, టైగానా?

నవంబర్ నుంచి ఓ మామిడి తోటలో చిన్న ఫ్లైక్యాచర్ (ఎగిరే పురుగుల్ని పట్టి తినే పిట్ట) ఒకటి కనిపిస్తోంది. రెడ్ బ్రెస్టెడ్, టైగా అనే రెండు జాతుల్లో అది ఏదో తేలట్లేదు. పిచ్చుక కన్నా చిన్నది. వీపు బూడిద కలిసిన గోధుమ రంగు, పొట్ట మాసిన తెలుపు, తోక మొదట్లో రెండు పక్కలా తెల్ల మచ్చలు. కొమ్మ మీద వాలగానే తోక నిక్కబొడుస్తుంది, రెక్కలు కిందికి వాలుస్తుంది. గొంతు మీద నారింజ రంగు బొత్తిగా లేదు. టైగా మగపిట్టకు కూడా చలికాలంలో ఆ రంగు పోతుంది కాబట్టి ఆడో మగో కూడా తేలట్లేదు.

రెడ్ బ్రెస్టెడ్ గూడు పెట్టేది తూర్పు యూరప్ వైపు, టైగా గూడు పెట్టేది సైబీరియాలో. ఇక్కడికి రెండూ వస్తాయి, గూళ్లు కట్టవు. సో, ఆ ఆధారమూ లేదు.

బొమ్మల పుస్తకంతో పోల్చాను. యాప్‌లో ఒక్కో ఫొటోకి ఒక్కో పేరు వస్తోంది. కింది ముక్కు మొదట్లో లేతగా ఉంది, అది రెడ్ బ్రెస్టెడ్ లక్షణం. కానీ తోక మొదలును పైనుంచి కప్పే ఈకలు నీడలో తోక కన్నా నల్లగా, టైగాకి ఉన్నట్టే కనిపిస్తున్నాయి. ఎండలో గోధుమ నలుపు. అరుపు రికార్డు చేద్దామంటే గోరింకల గోల.

ఇలాంటప్పుడు ముక్కు రంగును నమ్మాలా, ఆ ఈకల నలుపునా?