హెన్రీ బాక్స్ బ్రౌన్ చివరి ఏళ్లు: టొరంటోలో ఉన్నవారు సాయం చేయగలరా?

అమెరికాలోని వర్జీనియాలో బానిసగా పుట్టిన హెన్రీ బ్రౌన్ 1849 మార్చిలో ఒక చెక్కపెట్టెలో దూరి, తనను తానే పార్సిలుగా రిచ్‌మండ్ నుంచి ఫిలడెల్ఫియాకు పంపించుకున్నారు. సుమారు 27 గంటల ప్రయాణం. దారిలో కొంతసేపు పెట్టె తలకిందులుగానే ఉంది. అంతకు ముందు ఏడాదే ఆయన భార్య నాన్సీని, పిల్లలను వాళ్ల యజమాని దూరప్రాంతానికి అమ్మేశాడు. ఈ కథ అందరూ చెబుతారు. పెట్టెలోంచి బయటికి వచ్చాక ఆయన బతికిన దాదాపు యాభై ఏళ్లను మాత్రం రెండు వాక్యాల్లో తేల్చేస్తారు. నాకు ఇది అన్యాయంగా తోస్తోంది.

పారిపోయిన బానిసలను పట్టి అప్పగించే చట్టం 1850లో రావడంతో ఆయన ఇంగ్లండ్ వెళ్లిపోయారు. బానిసల బతుకును చూపే బొమ్మలు గీసిన పొడవాటి గుడ్డ చుట్టతో ఊరూరా ప్రదర్శనలిచ్చారు. అక్కడే జేన్ ఫ్లాయిడ్‌ను పెళ్లాడారు, తర్వాత ఇంద్రజాలికుడయ్యారు. 1875లో కుటుంబంతో అమెరికాకు తిరిగి వచ్చి, చివరికి 1897లో కెనడాలోని టొరంటోలో కన్నుమూశారు.

ఆ చివరి అంకం గురించి తెలుగులో వివరంగా రాస్తున్నాను. 1880, 1890 దశకాల టొరంటో నగర డైరెక్టరీలు, ఇంటిపన్ను రిజిస్టర్లు హైదరాబాద్ నుంచే చూసే వీలుందా? లేక ఎవరైనా స్వయంగా అక్కడి ఆర్కైవ్స్‌కు వెళ్లాలా? వెళ్లగలిగినవారు ఉంటే, ఇంటి చిరునామా, వృత్తి అనే గళ్లలో ఆయన పేరు ఎదుట ఏం రాసి ఉందో ఫోటో తీసి పంపగలరా? నకళ్ల ఖర్చు నేనే భరిస్తాను. పాత ఇంగ్లిష్ పత్రికల్లో ఇంద్రజాల ప్రదర్శనల ప్రకటనలు వెతికిన అనుభవం ఉన్నవారు ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పినా ఎంతో మేలు.