పార్టగాస్ డి4 పెట్టె: దాచాలా, కాల్చాలా? పత్రికల మార్కులు ఎంతవరకు నమ్మొచ్చు?

కృష్ణాతీరం (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నా దగ్గర క్యూబా బ్రాండ్ పార్టగాస్‌లో సెరీ డి నంబర్ 4, 25 సిగార్ల పెట్టె ఉంది. అడుగున పెట్టె తేదీ చెప్పే సిరా ముద్ర ఏబీఆర్ 24. విజయవాడలో, మూతకు రబ్బరు ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో తేమను 69 శాతం దగ్గర నిలిపే ప్యాకెట్లు రెండు వేసి ఉంచాను. గదిలో ఏసీ రాత్రిళ్లే. పగలు 29, 30 డిగ్రీలు ఉంటుంది.

ఇప్పటికి మూడు కాల్చాను. మొదటిది చాలా బాగుంది. రెండోది ఎంత లాగినా పొగ రాలేదు. మూడోది సగం దాటాక చేదెక్కి నాలుక మొద్దుబారింది. ఇదే సిగారుకు ఒకచోట 90 పైన మార్కులు, ఇంకోచోట 87. ఒకే పెట్టెలో మూడు మూడు రకాలుగా ఉంటే ఆ మార్కులు దేనికి వేసినట్టు? మిగతా 22 ఇప్పుడే కాల్చుకోవాలా, నాలుగైదేళ్లు పక్కన పెట్టాలా?

లంకపొగాకు

కృష్ణాతీరం గారూ, మార్కుల సంగతి తర్వాత. ముందు ఆ డబ్బా సంగతి చూడండి. 69 శాతం తేమకు 30 డిగ్రీల వేడి తోడైతే సిగారు పక్వానికి రాదు, చెడిపోతుంది.

అందరూ చెప్పే "70 శాతం" లెక్క 70 డిగ్రీల ఫారెన్‌హీట్‌తో జతగా పుట్టింది. అంటే 21 సెల్సియస్. మన కోస్తా ఎండల్లో ఆ సగం లెక్కే పట్టుకుంటే రెండు ప్రమాదాలు. ఒకటి బూజు. రెండోది పొగాకును తినే చిన్న పెంకుపురుగు, లాసియోడెర్మా. దాని గుడ్లు ఆకులోనే ఉండిపోయి, 24 డిగ్రీలు దాటిన వేడి కొన్నాళ్లు తగిలితే పొదుగుతాయి. పై ఆకు మీద గుండుసూదితో పొడిచినట్టు గుండ్రటి బెజ్జం, పెట్టె అడుగున గోధుమరంగు పొడి కనిపిస్తే పురుగు పడినట్టే. క్యూబా సిగార్లను అమ్మే హబానోస్ సంస్థ ఎగుమతికి ముందే సిగార్లను గడ్డకట్టిస్తుంది కాబట్టి భయం కొంత తక్కువ. కానీ దుకాణంలో పక్క పెట్టె నుంచి పురుగు రాదని చెప్పలేం.

మీ పెట్టె ఇన్నాళ్లు 30 డిగ్రీల్లో ఉంది కాబట్టి ఒకసారి ఫ్రీజ్ చేయడమే మంచిది. పెట్టెను ఒకదానిలో ఒకటిగా రెండు జిప్ కవర్లలో పెట్టి, గాలి తీసేసి, ఒక రోజు ఫ్రిజ్ కింది అరలో ఉంచండి. తర్వాత మైనస్ 18 గానీ అంతకన్నా చల్లగా గానీ ఉండే ఫ్రీజర్‌లో 5 రోజులు. మళ్లీ ఒక రోజు ఫ్రిజ్‌లో, ఆపై ఒక రోజు గదిలో, కవరు విప్పకుండా. తొందరపడి చల్లటి పెట్టెను విప్పారా, గాలిలోని తేమ నీటి చుక్కలై ఆకు మీద పడుతుంది, పై ఆకు నిలువునా చిట్లుతుంది. ఫ్రిజ్ మెట్టు దాటేసి నేరుగా ఫ్రీజర్‌లో పెట్టినా అదే చిట్లుడు.

తర్వాత ప్యాకెట్లు మార్చండి. క్యూబా ఆకుకు 65 చాలు, నేనైతే 62 అంటాను. 25 సిగార్లకు 60 గ్రాముల ప్యాకెట్ ఒకటి సరిపోతుంది. రాయిలా గట్టిపడితే దాని పని అయిపోయినట్టు. వేడి విషయంలో మాత్రం రాజీ లేదు. ఏళ్ల తరబడి దాచాలంటే 16 నుంచి 18 డిగ్రీలు, అంటే చిన్న వైన్ కూలర్ కావాలి. అంత ఖర్చు వద్దనుకుంటే ఇంట్లో అన్నిటికన్నా చల్లగా ఉండే గదిలో, నేలకు దగ్గరగా, గోడకు ఆనకుండా పెట్టండి. అప్పుడు ఏళ్లు లెక్కపెట్టకుండా నెలల్లో కాల్చేయండి.

రెండో సిగారు పొగ రాకపోవడం చాలావరకు తేమ వల్లే. ఆకు ఉబ్బి లోపలి దారులు మూసుకుపోతాయి. వానాకాలంలో మెత్తబడిన లంక చుట్ట మాటిమాటికీ ఆరిపోయేది కూడా ఇందుకే. 62 దగ్గర మూడు వారాలు ఆరితే సగం సిగార్లు దారికొస్తాయి. అప్పటికీ రాకపోతే వేళ్లతో నెమ్మదిగా నొక్కుకుంటూ పోండి. ఉంగరం కాగితం (బ్రాండ్ పేరున్న పట్టీ) దగ్గర ఎక్కువగా, ఒకచోట తాడు ముడిలా గట్టిగా తగులుతుంది. చుట్టేటప్పుడు ఆకు మెలిపడిన చోటు అది. సిగార్ సూదిని తల వైపు నుంచి ఆ ముడి దాకా నిదానంగా తిప్పుతూ దించితే దారి పడుతుంది. పక్కకు పోయిందంటే పై ఆకు చిరుగుతుంది.

దేవదారు పెట్టె

మార్కుల గురించి నేను రాస్తాను.

అమెరికా పత్రిక సిగార్ అఫిషనాడో 1992లో మొదలైంది, సిగార్లకు 100కి మార్కులు వేస్తుంది. ఉంగరం కాగితాలు తీసేసి, ఏ సిగారో తెలియకుండా కాలుస్తారు. రూపానికి, కట్టుబడికి 15, రుచికి 25, కాలే తీరుకు 25, మొత్తం మీద కలిగిన అభిప్రాయానికి 35. ఈ చివరి అంకె చూడండి. మూడో వంతుకు పైగా మార్కులు "ఎలా అనిపించింది" అన్న ఒక్క మాటకే. ఇది తప్పు కాదు, రుచి చూడటమంటే అదే. కానీ 91కీ 88కీ తేడా ఉందనుకుని డబ్బు పెట్టకూడదు. మీ పెట్టెలోనే మూడు సిగార్ల మధ్య అంతకన్నా పెద్ద తేడా వచ్చింది కదా.

ఇంకా పెద్ద సమస్య ఏడాది. వైన్ మార్కు ఒక పంటకు పడుతుంది. సీసా మీద ఏడాది ఉంటుంది, ఆ ఏడాది సరుకు అయిపోతే మార్కూ అయిపోతుంది. సిగారు మార్కు పేరుకు అతుక్కుంటుంది. మోంటెక్రిస్టో నంబర్ 2ను ఆ పత్రిక 2013 మేటి సిగారు అంది. దాని పొడవు 156 మిల్లీమీటర్లు, గేజ్ (లావు) 52, అప్పుడూ ఇప్పుడూ అంతే. లోపలి ఆకు మాత్రం వేరే పంటది, చుట్టిన చేతులు వేరు, బహుశా ఫ్యాక్టరీ కూడా వేరు. 2024 ముద్ర పడ్డ పెట్టెను ఆ పాత మార్కు చూసి కొంటే, మార్కు వచ్చిన సిగారును కొన్నట్టు కాదు. 2010లో మొదటి స్థానం పొందిన కోహిబా బెహికే 52 సంగతీ ఇంతే. పైగా అలాంటి పేరు వచ్చాక నకిలీలు దాని చుట్టూనే పుడతాయి. ధరను కొలబద్దగా పెట్టుకున్నా లాభం లేదు. 2022లో కోహిబా, ట్రినిడాడ్ బ్రాండ్ల ధరలు ఒక్కసారిగా పెంచారు. ఆ రాత్రికి రాత్రి ఆకు మారలేదు.

అలాగని సమీక్షలన్నీ పారేయక్కర్లేదు. నేను చూసేది మూడే విషయాలు. పెట్టె తేదీ వేశారా? వేయకపోతే ఆ సమీక్షను చదివి వదిలేస్తాను. ఎన్ని సిగార్లు కాల్చారు? ఒక్కటి కాల్చి రాసినదానికి విలువ లేదు. పొగ దారి, వంకరగా కాలడం, ఆరిపోవడం గురించి ఒకే ఏడాది పెట్టెల మీద ఇద్దరు ముగ్గురు ఒకే మాట అన్నారా? అది నమ్మదగిన సమాచారం. తోలు, కోకో, అత్తిపండు అనే వర్ణనలు మాత్రం రాసినవారి నాలుకవి, మీవి కావు. ఒకే వ్యక్తి సమీక్షలు పది చదివి, అందులో మీరు కాల్చినవాటితో పోల్చుకుంటే ఆయన ఇష్టాలు మీకు ఏ వైపున్నాయో తెలుస్తుంది. అప్పుడు ఆయన వేసిన 87 కూడా పనికొస్తుంది.

ఇంకోటి. సమీక్షకులు కాల్చేది ఎక్కువగా ఆ నాడు దుకాణంలో దొరికే లేత సరుకే. కాబట్టి ఆ మార్కు ఐదేళ్ల తర్వాత ఎలా ఉంటుందన్నది చెప్పదు.

కృష్ణాతీరం

ఇద్దరికీ ధన్యవాదాలు. ఒక చిక్కు. 69 ప్యాకెట్లు వేసినా హైగ్రోమీటర్ (తేమ కొలిచే మీటర్) 64 చూపిస్తోంది. ఏది నమ్మాలి?

హైదరాబాద్ హ్యూమిడార్

పరీక్షించేదాకా దేన్నీ నమ్మొద్దు బ్రదర్. సీసా మూతలో ఒక చెంచా ఉప్పు పోసి, చుక్కలు చుక్కలుగా నీళ్లు వేయండి. తడి ఇసుకలా ఉండాలి, కరిగిపోతే నీళ్లు ఎక్కువైనట్టు. ఆ మూతను, హైగ్రోమీటర్‌ను కలిపి జిప్ కవర్లో మూసి, వేడి మారని చోట ఒక రోజు వదలండి. లోపల తేమ 75 శాతం దగ్గర నిలబడుతుంది. మీటర్ 70 చూపిస్తే అది 5 తక్కువ చెబుతోందన్నమాట. ఆ తేడాను చీటీ మీద రాసి వెనక అతికించుకోండి. ముల్లు తిరిగే చవక మీటర్లయితే నెల తిరక్కుండా మళ్లీ తప్పుతాయి, డిజిటల్‌ది తీసుకోండి.

నిదానం

లంకపొగాకు గారితో ఒక్కచోట విభేదిస్తాను. 62 రోజూ కాల్చుకునే సిగార్లకు బాగుంటుంది. ఏళ్లకు దాచేవాటికి 65. మరీ పొడిగా ఉంచితే ఆకులో నూనెలు, వాసన ముందే పోయి చివరికి కాగితం కాల్చినట్టుంటుంది. దాచే పెట్టెను మాటిమాటికీ తెరవకూడదు కూడా, సువాసన పోయేది అక్కడే.

దాస్తే ఏం జరుగుతుంది అంటే, చుట్టేటప్పుడు తడిపిన ఆకులో పులియడం మళ్లీ కాస్త రాజుకుని అమ్మోనియా వస్తుంది. పెట్టె తెరిచి, కాలే కొస దగ్గర ముక్కు పెట్టండి. పశువుల కొట్టంలో ఉదయంపూట తగిలే ఘాటు ఉంటే అది ఇంకా లేత పెట్టె. ఎక్కువగా మొదటి ఏడాదిలో ఇది దిగిపోతుంది. ఆ తర్వాత గొంతు పట్టేసే వగరు నెమ్మదిగా, ఏళ్ల మీద మెత్తబడుతుంది. పార్టగాస్, బొలీవర్, రామోన్ ఆలోనెస్ లాంటి ఘాటైనవాటికి ఈ ఓపిక ఫలిస్తుంది. మొదటి నుంచీ తేలికగా ఉండే సిగారును పదేళ్లు దాస్తే మిగిలేది ఏమీ ఉండదు. లేతగా ఉన్నప్పుడే చేదుగా, చప్పగా ఉన్నది వయసుతో గొప్పదవుతుందన్న ఆశా వద్దు.

మీది ఏబీఆర్ 24, ఏబీఆర్ అంటే స్పానిష్‌లో ఏప్రిల్, అంటే 2024 ఏప్రిల్ పెట్టె. అమ్మోనియా దశ దాటేసినట్టే. మూడోదానిలో చేదు వచ్చింది లేతదనం వల్ల కాదు, తడి ఆకు, తొందర దమ్ము కలిసి వేడెక్కడం వల్ల. అందుకని కాల్చే పద్ధతి ఒకటి నిలకడగా పెట్టుకోండి, లేకపోతే సిగారును పరీక్షిస్తున్నారో మిమ్మల్ని మీరు పరీక్షించుకుంటున్నారో తెలియదు.

క్యూబన్ సిగారు తల దగ్గర వెలుగులో చూస్తే మూడు సన్నటి గీతలు కనిపిస్తాయి, టోపీ ఆకు మడతలవి. మొదటి గీత దగ్గర, 2 మిల్లీమీటర్లు మాత్రమే కోయండి. ఇంకా కిందికి పోతే చుట్టు ఊడిపోతుంది. వెలిగించకముందు ఒకసారి గాలి లాగి చూడండి, గట్టిదనం అక్కడే తెలుస్తుంది. మంట ఆకును తాకకుండా కింద పట్టి, తిప్పుతూ అంచంతా ఎర్రబడేదాకా ఆగండి. నిమిషానికి ఒక దమ్ము, అంతకన్నా వద్దు. పొగ ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. నోట్లో తిప్పి, చివరి కొంచెం ముక్కు గుండా వదలండి, వాసన సూక్ష్మాలు అందేది అక్కడే. పక్కన మంచినీళ్లే. ఆవకాయ అన్నం తిన్న గంటలో సిగారు రుచి చూసి లాభం లేదు.

పుస్తకంలో రాసుకోవలసినవి: తేదీ, కాల్చేముందు బరువు (0.1 గ్రాము చూపే తూకం చాలు), డబ్బా తేమ, పొగ దారి 5కి ఎంత, ఎన్నిసార్లు మళ్లీ వెలిగించారు, ఎన్ని నిమిషాలు, చేదు ఎక్కడ మొదలైంది. ఈ 124 మిల్లీమీటర్ల సిగారు 45 నిమిషాల లోపే అయిపోతే మీరు తొందరపడ్డట్టు. రుచికి మూడు మాటలు మించి రాయొద్దు, అవీ మీ ఇంట్లో ఉన్న వాసనలే అయ్యుండాలి. వేయించిన ధనియాలు, పాత బీరువా చెక్క, కాలిన బెల్లం. పరాయి పండ్ల పేర్లు ఆరు నెలల తర్వాత మీకే అర్థం కావు.

బరువు ఎందుకంటే, ఒకే పెట్టెలో మిగతావాటికన్నా బరువున్నదే తరచు పొగ రానిదవుతుంది. అన్నిటినీ ఒకసారి తూచి, బరువైనవి పక్కన పెట్టి చివరికి ఉంచండి.

లంకపొగాకు

దాచేవాటికి 65 అన్న మాట ఒప్పుకుంటున్నా, 18 డిగ్రీలు నిలబెట్టగలిగితేనే. పగలు 30 ఉండే గదిలో 65 కూడా నాకు ఎక్కువే.

నిదానం

సరే, అందులో మీతోనే ఉన్నాను. కృష్ణాతీరం గారికి: ఫ్రీజ్ అయ్యాక ఆరు వారాలు వదిలేయండి. మీ దగ్గర 22 ఉన్నాయి, అంటే 11 జతలు. మొదటి జత ఆరు వారాల తర్వాత, మిగతావి ఆరు నెలలకో జత చొప్పున, వారం తేడాతో ఒక్కొక్కటి. అలా ఐదేళ్లు వస్తాయి. వరసగా రెండు జతల్లో రుచి వెనక్కి పోయినట్టు పుస్తకం చెబితే ఇక దాచకండి, మిగతావి కాల్చేయండి. కూలర్ కొనకపోతే మాత్రం ఈ లెక్క వద్దు, వచ్చే ఎండాకాలం లోపు ముగించండి.

కృష్ణాతీరం

ఉప్పు పరీక్షలో నా మీటర్ 70 చూపించింది. అంటే డబ్బాలో ఇన్నాళ్లూ 69 ఉన్నట్టే. పెట్టెను ఈ రోజే ఫ్రిజ్‌లో పెట్టాను. తూకంలో మూడు సిగార్లు మిగతావాటికన్నా గ్రాముకు పైగా బరువు తేలాయి, వాటికి చుక్క పెట్టాను. రెండు సిగార్ల పై ఆకు మీద తెల్లగా కనిపిస్తోంది, అది బూజా?

హైదరాబాద్ హ్యూమిడార్

టార్చి పక్కనుంచి వేసి చూడండి. చుక్కలు చుక్కలుగా, దూదిలా లేచి ఉంటే బూజు, తెలుపులో ఆకుపచ్చ గానీ నీలం గానీ ఉన్నా అంతే. అనుమానముంటే బూజు కిందే లెక్క. కాలే కొసలో కూడా కనిపిస్తే ఆ సిగారు పారేయండి, లోపలికి పోయినట్టు. పై ఆకు మీద మాత్రమే ఉంటే మెత్తటి పొడిగుడ్డతో ఆరుబయట తుడిచి, మిగతావాటికి దూరంగా వేరే డబ్బాలో 62 దగ్గర రెండు వారాలు పెట్టి చూడండి. మళ్లీ రాకపోతే కాల్చుకోవచ్చు. పెట్టె చెక్క లోపలి వైపు, మూల జాయింట్లలో కూడా టార్చి వేయడం మరవొద్దు.