వ్యాగన్ ఆర్ మైలేజీ బాగా పడిపోయింది, ఏ పార్టు మార్చాలి?

కావలి రొయ్యల మేత:
అందరికీ నమస్కారం. నాది 2015 మోడల్ వ్యాగన్ ఆర్, పెట్రోలు బండి. రొయ్యల చెరువులకు మేత, మందులు వేస్తుంటాను. తుమ్మలపెంట, జువ్వలదిన్నె, అల్లూరు, ఇస్కపల్లి, అంతా తిరగాల్సిందే. చెరువు గట్ల మీద ఫస్టు, సెకండు గేర్లే కాబట్టి కంపెనీ చెప్పే మైలేజీ నాకెప్పుడూ రాలేదు, రావాలని కూడా అనుకోలేదు. అన్నీ కలిపి లీటరుకు 16, నెల్లూరు దాకా హైవే మీద పోతే 19 వచ్చేది. ఈ ఎండాకాలం దాటినప్పటి నుంచి మొత్తం మీద 12 వస్తోంది. హైవే మీద కూడా 13 దాటట్లేదు. గట్ల మీద తాగితే సరే అనుకోవచ్చు, నున్నటి రోడ్డు మీద ఎందుకు తాగుతోంది?

లెక్క కరెక్టే. ఒకే బంకు, ఒకే పంపు, మొదటిసారి కట్ అయ్యేదాకానే ఫుల్ ట్యాంకు. ఎయిర్ ఫిల్టరు, ప్లగ్గులు, ఆయిలు మార్పించాను, తేడా లేదు. ఇప్పుడు ఇంజెక్టర్లు, ఆ తర్వాత ఫ్యూయల్ పంపు చూద్దామంటున్నారు. పొగ లేదు, పికప్ బాగుంది, చెక్ ఇంజన్ లైటు వెలగలేదు. పెట్రోలు లీటరు వందకు పైనే ఉంది, చెరువుల వాళ్ల దగ్గర బాకీలు నిలిచిపోయాయి. ఒక్కో పార్టు మార్చి చూసే స్తోమత లేదు. దయచేసి దారి చెప్పండి.

నెల్లూరు మాగుంట లేఔట్:
అన్నా, అది ఈ20 పెట్రోలు. ఇరవై శాతం ఎథనాల్ కలుపుతున్నారు కదా. మా బండికీ తగ్గింది. చేసేదేం లేదు.

ఒంగోలు ఐటీఐ రిటైర్డ్:
నేను మోటారు మెకానిక్ ట్రేడు చెప్పి రిటైరయ్యాను. ఇలాంటి కేసు వదిలిపెట్టబుద్ధి కాదు, కొంచెం వివరంగా రాస్తాను.

ఎథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే సుమారు మూడో వంతు తక్కువ. ఇరవై శాతం కలిపితే మొత్తం మీద తగ్గేది ఆరేడు శాతం. అంతకుముందే పది శాతం కలిసిన పెట్రోలు వాడుతున్నాం కాబట్టి కొత్తగా తగ్గింది అందులో సగమే. 19 ఇచ్చే బండి ఆ లెక్కన 18కి రావాలి. 13కి వచ్చిందంటే దొంగ వేరే ఉన్నాడు. ఎయిర్ ఫిల్టరు కూడా కాదు. ఇంజెక్షను బండ్లలో లోపలికొచ్చే గాలి తగ్గితే కంప్యూటరు పెట్రోలూ తగ్గిస్తుంది. ఫిల్టరు మూసుకుపోతే పికప్ పోతుంది గానీ మైలేజీ పెద్దగా మారదు. అమెరికాలోని ఓక్ రిడ్జ్ ప్రయోగశాల 2009లో పరీక్షించి ఇదే తేల్చింది.

హైవే మీద కూడా రావట్లేదన్నారు చూడండి, అసలు సంగతి అక్కడుంది. నాకు రెండు అనుమానాలు.

మొదటిది బ్రేకు పట్టేయడం. మీరు తిరిగేది ఉప్పు గాలిలో. ముందు చక్రాల కాలిపర్ (బ్రేకు ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) పిన్నులు తుప్పు పట్టి బిగుసుకుంటే, పెడలు వదిలినా ప్యాడ్లు డిస్కును వదలవు. బ్రేకు పెద్దగా వాడకుండా కొంతదూరం నడిపి, ఆపి, చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూడండి. డిస్కును మాత్రం ముట్టుకోవద్దు, కాలుతుంది. ఎడమకు, కుడికి వేడిలో తేడా తెలిస్తే, జాకీ ఎత్తి చక్రం చేత్తో తిప్పి చూడండి.

రెండోది థర్మోస్టాట్ వాల్వు. ఇంజను చల్లగా ఉన్నంతసేపు అది కూలెంటును, అంటే ఇంజను వేడిని లాగే ద్రవాన్ని, రేడియేటరులోకి పోనివ్వదు. సాధారణంగా 80 నుంచి 90 డిగ్రీల మధ్య తెరుచుకుంటుంది. అది తెరిచే ఉండిపోయినా, ఎవరైనా పీకేసినా, హైవే గాలికి ఇంజను వేడెక్కదు. కంప్యూటరు మాత్రం బండి ఇప్పుడే స్టార్టయిందనుకుని పెట్రోలు ఎక్కువ పోస్తూనే ఉంటుంది. మన వైపు చాలా షెడ్లలో ‘మన ఎండలకు ఇదెందుకు’ అని తీసి పారేస్తారు. నాకు మహా కోపం వచ్చే పని అది. ఎండాకాలంలో బండి హీటెక్కిందా? అప్పుడెవరైనా చెయ్యి పెట్టారా?

సింగరాయకొండ:
స్టీరింగు కింద ఓబీడీ పోర్టు (బండి కంప్యూటరు వివరాలు చదివే సాకెట్టు) ఉంటుంది, దానికి బ్లూటూత్ రీడరు పెడితే కూలెంటు ఎంత వేడెక్కిందో ఫోనులోనే కనిపిస్తుంది. నా దగ్గర ఉంది, ఇటు వస్తే తీసుకోండి. టైర్లలో గాలి కూడా పొద్దున్నే, బండి చల్లగా ఉన్నప్పుడు చూసుకోండి.

కావలి రొయ్యల మేత:
సార్, మీరు చెప్పిన రెండూ ఉన్నాయి! ముందు ఎడమ చక్రం చెయ్యి పెట్టలేనంత వేడి. పిన్ను కదలనే లేదు, కొట్టి తీయాల్సి వచ్చింది. తర్వాత సింగరాయకొండ తమ్ముడి రీడరు పెట్టి హైవే ఎక్కాను. కూలెంటు 65 డిగ్రీల దగ్గరే ఆగిపోయింది, ఎంతసేపు నడిపినా 70 దాటలేదు. మే నెలలో అల్లూరు దగ్గర బండి హీటెక్కితే దారిలో ఒక షెడ్డులో చూపించాను. మొన్న విప్పిస్తే హౌసింగులో వాల్వు లేదు. తీసినట్టు నాకప్పుడు చెప్పలేదు. ఇప్పుడు వాల్వు కొత్తది వేయించేయమంటారా, ఇంకేమైనా చూడాలా?

ఒంగోలు ఐటీఐ రిటైర్డ్:
ఆగండి నాయనా. మే నెలలో ఎందుకు హీటెక్కిందో తేలకుండా వాల్వు వేస్తే మళ్లీ అదే కథ. రేడియేటరు ముందు రెక్కల్లో దుమ్ము పేరుకుందా, ఏసీ వేసినప్పుడు ఫ్యాను తిరుగుతోందా, కూలెంటు ఎక్కడైనా కారుతోందా చూడండి. ఆ తర్వాతే వాల్వు.

కావలి రొయ్యల మేత:
ఫ్యాను బాగుంది, కారడం లేదు. రెక్కలు మాత్రం గట్ల మట్టితో అట్ట కట్టి ఉన్నాయి. మెల్లగా నీళ్లు కొట్టి కడిగించి, వాల్వు వేయించాను. ఇప్పుడు హైవే మీద 88 దగ్గర నిలబడుతోంది, మైలేజీ 17 దాటింది. గట్లు కలిపితే 15. ఇంజెక్టర్లు, పంపు జోలికి పోలేదు. చాలా థాంక్స్ సార్.

ఒంగోలు ఐటీఐ రిటైర్డ్:
సంతోషం. రేడియేటరులో బోరు నీళ్లు మాత్రం పోయనివ్వకండి, మన రెండు జిల్లాల్లోనూ చాలాచోట్ల ఆ నీళ్లకు లోపల సున్నం పేరుకుంటుంది. కూలెంటు, డిస్టిల్డ్ వాటరే వాడాలి. నింపాక ఇంజను ఆన్‌లో ఉంచి గాలి బుడగలు పోయేదాకా చూడమనండి. కాలిపర్ పిన్నులకు బ్రేకుల కోసం అమ్మే గ్రీజే రాయాలి, మామూలు గ్రీజు రాస్తే రబ్బర్లు ఉబ్బి మళ్లీ పట్టేస్తాయి. మీరు తిరిగే చోట్లకు ప్రతి సర్వీసులో ఆ పిన్నులు విప్పించి చూడండి.