వావిలి కొమ్మ చిగురించి ఎందుకు ఎండిపోతోంది? పెంచినవారి అనుభవాలు

మేడతోట (హైదరాబాదు):
వినాయక చవితి పత్రిలో "సింధువార పత్రం" అని చదివేది వావిలాకునేనని మా అమ్మగారు చెప్పినప్పటి నుంచి ఈ మొక్కను ఇంట్లో పెంచాలని నాకు గట్టి కోరిక. నిరుడు వానాకాలంలో మా ఊరి వాగు ఒడ్డు నుంచి ఆరు లేత కొమ్మలు తెచ్చి కుండీలలో నాటాను. పది రోజులకే కణుపు కణుపునా చిగుళ్ళు వచ్చాయి. మొక్కలు బతికాయనుకొని వాటిని ఎండలోకి మార్చి, రెండు పూటలా నీళ్ళు పోశాను. నెల తిరగకముందే ఆరూ నల్లబడి ఎండిపోయాయి. వాగు ఒడ్డున ఎవరూ పట్టించుకోకపోయినా గుబురుగా పెరిగే మొక్క నా దగ్గర ఎందుకు నిలవలేదో తెలియడం లేదు. పెంచినవారు దయచేసి చెప్పగలరు.

పొలంగట్టు (నల్లగొండ జిల్లా):
మీ కొమ్మలు అసలు వేరు పట్టనే లేదండీ. వావిలి కొమ్మ తనలో దాచుకున్న సత్తువతోనే ముందు చిగురు వేస్తుంది, వేరు ఆ తరువాత ఎప్పటికో వస్తుంది. ఆ చిగురును చూసి ఎండలో పెడితే ఆకులకు నీరందించడానికి కింద వేరు ఉండదు, పైగా రెండు పూటలా పోసిన నీటికి మట్టిలో ఉన్న కోత కుళ్ళిపోతుంది. మొదటి రెండు సంవత్సరాలు నేనూ ఇదే పొరపాటు చేశాను.

ఇప్పుడు తొలకరి పడి నేల తడిసిన తరువాతే నాటుతున్నాను. పచ్చగా వంగే కొమ్మ పనికిరాదు. బెరడు గోధుమ రంగుకు తిరిగి, పెన్సిలంత లావున్న కొమ్మను జానెడు పొడవున, 3 లేక 4 కణుపులు ఉండేలా కోసుకోవాలి. కింది కొనను కణుపుకు కాస్త దిగువన ఏటవాలుగా, పై కొనను తిన్నగా కోస్తే నాటేటప్పుడు తలకిందులు కాకుండా ఉంటుంది. ఎర్రమట్టి, ఇసుక సమంగా కలిపిన సంచిలో రెండు కణుపులు మునిగేలా గుచ్చి, చెట్టు నీడన పెట్టి, పైమట్టి ఆరినప్పుడే నీళ్ళు చల్లాలి. వేరు వచ్చిందో లేదోనని కొమ్మను లాగి చూడవద్దు, అప్పుడే పుట్టిన వేరు పుటుక్కున తెగిపోతుంది. సంచి అడుగు రంధ్రంలో తెల్లని వేరుకొన కనబడిన రోజునే, అది కూడా ముందు ఉదయపు ఎండలోకి మాత్రమే, మార్చాలి.

గట్టు మీద అడుగున్నర ఎడంతో నాటిన మా వరుస ఇప్పుడు మంచి కంచె అయింది. ఆకు వాసనకు మేకలు దాని జోలికి రావు. వేసవిలో నీరు పెట్టకపోయినా ఆకు రాలుస్తుందే తప్ప చావదు. నీరు నిలిచే పల్లంలో నాటినవి మాత్రం రెండు చనిపోయాయి.

పెరటిగుమ్మం (రాజమహేంద్రవరం):
నాటడం గురించి పై వారు చెప్పింది అక్షరాలా నిజం. నేను కత్తిరింపు గురించి చెబుతాను, ఎందుకంటే వావిలిని పెంచేది ఆకు కోసం. వదిలేస్తే అది చిన్న చెట్టంత ఎత్తు పెరిగి, ఆకంతా చేతికి అందని చోటికి పోతుంది. మా ఇంట్లో ఏటా పూత అయిపోయాక మోకాలెత్తున నరికేస్తాం. మొదటిసారి నరికినప్పుడు మొక్క పోయిందనే అనుకున్నాను, కానీ మూడు వారాలకే మొదలు చుట్టూ పదిహేను దాకా చిలవలు వచ్చాయి.

మా వైపు బాలింతకు వావిలాకు వేసి మరగబెట్టిన నీళ్ళతోనే స్నానం చేయిస్తారు. మా అమ్మాయి పురిటికి వచ్చినప్పుడు పెద్ద గుండిగలో రెండు గుప్పిళ్ళ ఆకు వేసి కాచాం. నీరు ఆకుపచ్చ కలిసిన గోధుమ రంగుకు తిరిగి, ఆ ఘాటు వాసన వీధి గుమ్మం దాకా వచ్చింది. అత్తగారికి మోకాలు వాచినప్పుడు ఆకును ఆముదంతో పెనం మీద వెచ్చచేసి కట్టేవాళ్ళం, నొప్పి తగ్గిందని ఆవిడ హాయిగా పడుకునేవారు. నీడన ఆరబెట్టిన ఆకును బియ్యపు డబ్బాలో వేస్తే పురుగు తగ్గుతుంది. తడి ఆకు వేస్తే మాత్రం బియ్యం ముక్కిపోతాయి.

మూలికలబడి (తిరుపతి):
ఆయుర్వేదంలో దీనిని నిర్గుండి అంటారు, నిర్గుండి తైలం దీనితో చేసేదే. పైపూతకు, ఆవిరికి, స్నానానికి ఇళ్ళలో వాడుకోవడం సరే కానీ, కషాయంగా లోపలికి తీసుకోవడం వైద్యుని పర్యవేక్షణలోనే జరగాలి, గర్భిణులు అసలు తీసుకోరాదు. చిన్న పిల్లలకు ఆవిరి పట్టేటప్పుడు గిన్నె తొణికి కాలే ప్రమాదం ఉంది కనుక ఒళ్ళో కూర్చోబెట్టుకొని పట్టవద్దు.

ఇంకొక మాట. అయిదు రెక్కలుగా చీలి ఉండడం వల్ల ఈ ఆకును చూసి గంజాయి అని పొరబడేవారున్నారు. అపార్టుమెంట్లలో పెంచేవారు తేడా తెలుసుకొని ఉండడం మంచిది. గంజాయి ఆకు అంచు పొడవునా రంపపు పళ్ళుంటాయి. మన దగ్గర కనిపించే వావిలాకు అంచు చాలావరకు నున్నగా ఉంటుంది, తిరగేస్తే అడుగు బూడిద తెలుపుగా కనిపిస్తుంది, పూలు లేత ఊదా రంగులో గుత్తులుగా పూస్తాయి.

దూరపుపెరడు (న్యూజెర్సీ):
మంచు కురిసే చోట కూడా ఇది బతుకుతుంది. ఇండియా నుంచి కొమ్మ తేవడానికి నిబంధనలు అడ్డు వస్తాయి కనుక ఇక్కడి నర్సరీలోనే కొన్నాను. చలికి పైభాగమంతా ఎండిపోతుంది, పీకేయకండి. వసంతంలో మొదలు దగ్గర నుంచి మళ్ళీ చిగురించి, ఆ కొత్త కొమ్మలకే పూస్తుంది. చవితి నాటికి పత్రికి సరిపడా ఆకు ఉంటుంది.

మేడతోట (రెండు నెలల తరువాత):
అందరికీ నమస్కారం. ఈసారి ముదురు కొమ్మలు నాలుగు నాటి, మెట్ల కింద నీడన పెట్టాను. చిగుళ్ళు రెండో వారంలోనే వచ్చినా కదపలేదు. నిన్న రెండు కుండీల అడుగున తెల్లని వేర్లు కనబడ్డాయి, వాటిని ఉదయపు ఎండ పడే గోడ పక్కకు మార్చాను. మిగిలిన రెండూ ఇంకా మెట్ల కిందే ఉన్నాయి.