65కి మూడు పీరియడ్లు తక్కువైతే ఏడాది పోవాలా?

లాస్ట్‌బెంచ్_ఈసీఈ:
అన్నలూ అక్కలూ, నాది బీటెక్ 2-2 (రెండో ఏడాది రెండో సెమిస్టర్), జేఎన్‌టీయూహెచ్ ఆర్22 రెగ్యులేషన్, అంటే 2022 బ్యాచ్ నుంచి పెట్టిన రూల్స్. నిన్న మా కాలేజీల డిటెన్షన్ లిస్టు పెట్టిన్రు. మొత్తం 432 పీరియడ్లు, నా హాజరు 278. అంటే 64.35 శాతం. అసలైతే 75 ఉండాలె. 65 దాటితే కండోనేషన్ (తక్కువ హాజరును మన్నించుడు) ఫీజు కట్టి పరీక్ష రాయొచ్చు, దాటకపోతే జూనియర్లతోని మళ్ల 2-2. మూడంటే మూడు పీరియడ్లు తక్కువ పడ్డయి!

ఫిబ్రవరిల డెంగ్యూ వచ్చి పన్నెండు రోజులు పోయినయి. మిగిలినవి, అబద్ధమెందుకు, కొన్ని బస్సు దొరకక పోయినయి, కొన్ని నేనే ఎగ్గొట్టిన. కానీ ఇప్పటిదాంక ఒక్క బ్యాక్‌లాగ్ లేదు. క్లాసుల పీపీటీ చదివి వినిపిస్తరు, సాయంత్రానికి అదే పీపీటీ వాట్సాప్‌ల వస్తది. పాస్ అయ్యేటోన్ని పరీక్షే రాయనియ్యకపోవుడు ఏం న్యాయం? ఈ రూల్ ఉండాల్నా, పోవాల్నా? మీరే చెప్పున్రి.

చాక్‌పీస్:
పదకొండేళ్లుగా పాఠం చెబుతున్నాను, తిట్టుకున్నా సరే, ఉండాలనే అంటాను. "పాస్ అవుతాను కదా" అంటున్నావు. పాస్ అవడానికి ఏం కావాలో ఒకసారి చూద్దాం. ఎక్స్‌టర్నల్, అంటే సెమిస్టర్ చివరి పరీక్ష, 60 మార్కులు. పార్ట్-ఎలో పది ఒక మార్కు ప్రశ్నలు, పార్ట్-బిలో ఐదు పది మార్కుల ప్రశ్నలు, ప్రతిదానికీ "లేదా" ఉంటుంది. 21 వస్తే చాలు. కాలేజీ వేసే ఇంటర్నల్స్‌లో 40కి 14, రెండూ కలిపి వందకి 40 ఉండాలి, అంతే. రెండు యూనిట్లు గట్టిగా బట్టీ పట్టి, పార్ట్-ఎలో సగం రాసి, ఇంటర్నల్స్ కాస్త బాగుంటే గట్టెక్కేస్తారు. మిగిలిన మూడు యూనిట్లు ముట్టుకోకుండా.

మొన్న ల్యాబ్‌లో ఒక అబ్బాయికి సీఆర్‌ఓ (సిగ్నల్‌ని తెర మీద గీతగా చూపే పరికరం) మీద తెర నిండా గీతలే వస్తున్నాయి. అరగంట నాబులు తిప్పాడు. ప్రోబ్ గ్రౌండ్ క్లిప్ గాల్లో వేలాడుతోంది. అతనికి థియరీలో 'ఎ' గ్రేడ్! వాడి తెలివికి వంక పెట్టడం లేదు. అది రోజూ వచ్చి చేతులు కాల్చుకుంటే తప్ప రాని సంగతి. పేపరు కొలవలేనిదాన్ని కొలవడానికి మా దగ్గర హాజరు తప్ప ఇంకో గరిటె లేదు.

పాతకాపు:
మా రోజుల్లో ఫస్టియర్ మొత్తానికి ఒకేసారి పరీక్ష ఉండేది సార్, ఏడాదంతా తిరిగి మార్చిలో ఆల్ ఇన్ వన్ కొనేవాళ్లం. ఇప్పుడు సెమిస్టర్లు, మిడ్లు (సెమిస్టర్ నడుస్తుండగా పెట్టే పరీక్షలు), అసైన్‌మెంట్లు. అయినా ల్యాబ్‌కి హాజరు గట్టిగా పెట్టండి, ఎవరొద్దన్నారు? థియరీ క్లాసులో అరవై మందిని గదిలో కూర్చోబెట్టి, వెనక బెంచీలో రీల్స్ చూసేవాడికి ఒక పీరియడ్, లైబ్రరీలో చదువుకునేవాడికి సున్నా వేస్తే ఆ గరిటె దేన్ని కొలిచినట్టు? ప్రాక్సీల సంగతి మీకు తెలీదా ఏంటి!

చాక్‌పీస్:
తెలుసు. "ప్రెజెంట్ సార్" అని ఒకే గొంతు మూడుసార్లు వస్తే మాకూ నవ్వొస్తుంది. దొంగ ఓట్లున్నాయని ఎన్నికలు ఎత్తేస్తామా?

నాన్నగారు:
నేను చదువుకున్నవాణ్ణి కాదు, మా అమ్మాయి చదువుతోంది. నాకు తెలిసిన మాట ఒకటే. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి కూడా 75 శాతం అడుగుతారు. డిటెయిన్ అయితే మళ్లీ చదివే ఏడాదికి గవర్నమెంటు కట్టదు, మన జేబులోంచే. హాస్టలు, బస్సు వేరే. రూల్ మంచిదో చెడ్డదో పెద్దలు తేల్చండి గానీ, పిల్లలు 75 తెచ్చుకోవాలి. సెమిస్టరంతా ఏమీ చెప్పకుండా చివరి రోజు లిస్టు పెట్టే కాలేజీని మాత్రం నేను ఒప్పుకోను. ముందే ఒక ఫోను చేస్తే చెవి మెలేసి పంపేవాళ్లం కదా.

ఆఖెన్_ఆవకాయ:
జర్మనీ నుంచి రాస్తున్నా. లాస్ట్‌బెంచ్ తమ్ముడు కోరుకునేది ఇక్కడుంది. లెక్చర్లకి హాజరు వేయరు, ల్యాబ్‌లు, సెమినార్లు వేరే సంగతి. ఎవరొచ్చారో ప్రొఫెసర్ తలెత్తి కూడా చూడరు. మొదటి సెమిస్టర్లో నాకు స్వర్గంలా ఉండింది.

తర్వాత తెలిసింది. ఒక సబ్జెక్టు పరీక్ష సాధారణంగా మూడుసార్లే రాయనిస్తారు. మూడోసారీ పోతే ఆ కోర్సు నుంచి పేరు తీసేస్తారు, అదే కోర్సు ఈ దేశంలో ఇంకో యూనివర్సిటీలో చదువుదామన్నా కుదరదు. మనలాగా సప్లీ మీద సప్లీ ఉండదు. పరీక్షకి నమోదు చేసుకుని గడువులోపు వెనక్కి తీసుకోకపోతే, వెళ్లకపోయినా ఫెయిలే. జ్వరమొస్తే ఆ తేదీతో డాక్టరు కాగితం ఉండాలి. నాతో వచ్చిన ఒక మనవాడు మొదటి రెండు అవకాశాలు "ఎలా ఉంటుందో చూద్దాం" అని రాసి పోగొట్టుకున్నాడు. మూడోదానికి ముందు నెల రోజులు వాడు నిద్రపోలేదు, వాడితోపాటు గదిలో మేమూ పోలేదు. హాజరు లేకపోవడం ఊరికే రాలేదని చెప్పడానికే ఈ సోదంతా.

పాతకాపు:
అది కూడా బాగానే ఉంది కదండీ. పరీక్ష గట్టిగా పెట్టి తలుపు తీసి ఉంచారు. మనం తలుపు గట్టిగా పెట్టి పరీక్ష తేలిక చేశాం.

స్టెత్_సుబ్బులు:
ఎంబీబీఎస్‌లో మాకు థియరీకి 75, ప్రాక్టికల్స్‌కి 80. వార్డుకి రాకుండా డాక్టరయ్యేవాడి దగ్గరకి మీరెవరైనా వెళ్తారా? ఏ కోర్సుకి ఎంత అవసరమో దాన్నిబట్టి ఉండాలి. అన్నిటికీ ఒకే అంకె పెట్టడమే తప్పు.

నల్లకోటు:
లా వాళ్ల సంగతి చెప్తా. 2025 నవంబరులో ఢిల్లీ హైకోర్టు, హాజరు తక్కువైందని లా విద్యార్థులని పరీక్షలకి ఆపొద్దంది. హాజరు నిబంధనల్ని మళ్లీ చూడమని బార్ కౌన్సిల్‌కీ చెప్పింది. వెనక ఒక విద్యార్థి ఆత్మహత్య కేసు ఉంది, అందుకే ఈ రూల్ గురించి తేలిగ్గా మాట్లాడలేను. అయితే తమ్ముడూ, అది లా కాలేజీల గురించి. బీటెక్ డిటెన్షన్‌కి అది పట్టుకెళ్తే ప్రిన్సిపల్ టీ తాగించి పంపుతారు.

రూల్‌బుక్_రాణి:
అందరూ న్యాయం గురించి మాట్లాడుతున్నారు, ఆర్22 పుస్తకం ఒక్కరూ తెరవలేదు. లాస్ట్‌బెంచ్ తమ్ముడూ, హాజరు నిబంధనల్లో ఒక వాక్యం ఉంది. మిడ్ పరీక్ష రాస్తే ఆ థియరీ సబ్జెక్టుకి రెండు పీరియడ్ల హాజరు ఇవ్వాలి. నువ్వు చెప్పిన 278లో అది కలిసిందా? ఎన్ని మిడ్లు రాశావు?

లాస్ట్‌బెంచ్_ఈసీఈ:
థియరీ ఐదు సబ్జెక్టులు అక్కా. మొదటి మిడ్ అన్నీ రాసిన. రెండో మిడ్ల రెండు పోయినయి, జ్వరం తగ్గలే. లిస్టు కింద పెట్టిన షీట్ల మిడ్ తేదీల కాలమే లేదు, ఇప్పుడే మళ్ల చూసిన.

రూల్‌బుక్_రాణి:
అయితే ఎనిమిది పరీక్షలు, 16 పీరియడ్లు. 278కి కలిపితే 294. కింద 432 అలాగే ఉంచితే 68 దాటుతుంది, కానీ అంత ఆశపడకు. కిందా 16 కలిపితే 448కి 294, అంటే 65.6. నువ్వు రాయని రెండు మిడ్ల పీరియడ్లు కూడా కాలేజీ వాళ్లు కింద వేస్తే 452కి 294. అదీ 65.04. ఎటు లెక్కేసినా గీత దాటావు.

కానీ గీత దాటితే పరీక్ష రాసేసినట్టు కాదు. 65కీ 75కీ మధ్య ఉన్నవాళ్లని వదలాలా వద్దా అన్నది కాలేజీ అకడమిక్ కమిటీ ఇష్టం, సరైన కారణం, ఆధారం అడుగుతారు. డెంగ్యూ డిశ్చార్జి సమ్మరీ, రక్తపరీక్ష రిపోర్టు పెట్టు. బస్సు కథ రాయకు. 65 కిందకి పోతే మాత్రం ఎవరి చేతుల్లోనూ లేదు, ఏ పరిస్థితిలోనూ మన్నించకూడదని అక్కడే రాసుంది.

చాక్‌పీస్:
అమ్మా, ఆ వాక్యం నాకు తెలుసు, ఇక్కడ చెప్పాలని తట్టలేదు. సిగ్గుగానే ఉంది. మిడ్ రోజుల్లో మేం ఇన్విజిలేషన్‌లో ఉంటాం, సబ్జెక్టు రిజిస్టరులో ఎవరూ వేయరు. ఆఫీసులో కలిపితే కలిసినట్టు. ఆ హాజరుని పదిహేను రోజులకోసారి యూనివర్సిటీ వెబ్‌సైటులో పెట్టేదాంట్లో కలపాలని కూడా ఉంది. రూల్ ఉండాలనే ఇప్పటికీ అంటాను. కాకపోతే దాన్ని పిల్లలకంటే ముందు మేం చదవాలి.

పాతకాపు:
సార్ దిగొచ్చారు. 😀 కానీ నా ప్రశ్న అలాగే ఉంది. ఈ అక్క లేకపోతే ఈ అబ్బాయి ఏడాది ఏమయ్యేది? లిస్టులో ఇంకెంతమంది ఇలా ఉన్నారో!

లాస్ట్‌బెంచ్_ఈసీఈ:
అప్‌డేట్. పొద్దుగాల హెచ్‌ఓడీ సార్ దగ్గరికి పోయిన, రెగ్యులేషన్ పేజీ ప్రింటు, రెండు మిడ్ల ఆన్సర్ బుక్‌లెట్లు, హాస్పిటల్ కాగితాలు పట్టుకొని. సార్ మొదట కోపం చేసిండు. తర్వాత పెన్ను తీసి షీటు అంచున 278, 16 అని రాసి లెక్కబెట్టిండు. లిస్టుల ఇంకో నలుగురి పేర్ల పక్కన టిక్కు పెట్టిండు. సోమవారం కమిటీ ఉందట, నాన్నను తీస్కరమ్మన్నడు.

నాన్నగారు:
మీ నాన్నతో పాటు ఆ ప్రింటు కూడా పట్టుకెళ్లు బాబూ. కండోనేషన్ ఫీజు కడితే రసీదు అడిగి తీసుకో.

రూల్‌బుక్_రాణి:
ఇచ్చే లెటరు రెండు కాపీలు చెయ్యి. ఒకదాని మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకుని నీ దగ్గర పెట్టుకో. ఆ నలుగురికి నువ్వే ఫోన్ చెయ్యి, సార్ చేస్తారని కూర్చోకు.